మోగిన గంట, ముట్టిన కబురు

తిరుత్తణి బజారులో ఒక నగల దుకాణం ఉందనుకోండి. నడిరాత్రి తలుపు పగిలితే గోడమీది సైరన్ మోగుతుంది. వీధి అంతా నిద్రలో ఉంటే ఆ మోత ఎవరి చెవిన పడుతుంది? అందుకే కొన్ని దుకాణాల్లో, బ్యాంకుల్లో, మిల్లుల్లో అలారం పెట్టె తానే ఫోన్ చేసి, దూరాన ఉన్న పర్యవేక్షణ కేంద్రానికి కబురు చెప్పే ఏర్పాటు చేసుకుంటారు. అక్కడ కబురు అందుకునే యంత్రం పేరు రిసీవర్. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎలా పలకరించుకుంటాయో ఈ పూట చెప్పుకుందాం.

సరిహద్దు ఊళ్ళవాళ్ళకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. తిరుత్తణి ప్రాంతం 1960లో చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. రెండు భాషలూ మిగిలాయి. కొత్త మనిషి మెట్టెక్కగానే అంగడాయన "వాంగ" అంటాడు. ముఖంలో కదలిక లేకపోతే "రండి" అంటాడు. తన భాష వినబడగానే వచ్చినాయన నోరు విప్పుతాడు. రిసీవర్ చేసే పనీ అదే. అలారం పెట్టెల్లో అనేక తయారీలు, అనేక భాషలు. ఏ పెట్టె ఫోన్ చేసిందో రిసీవర్‌కు ముందుగా తెలియదు. అందుకని ఒక్కో భాషలో ఒక్కో పలకరింపు ధ్వని వినిపించి, కాస్సేపు ఆగి చూస్తుంది. దీన్నే హ్యాండ్‌షేక్ టోన్ అంటారు.

ఆ ధ్వనులు ఏమిటి? కాంటాక్ట్ ఐడి అనే పద్ధతిలో రిసీవర్ ఫోన్ ఎత్తాక అర సెకను నుంచి 2 సెకన్ల లోపు పలకరించాలి. 1400 హెర్ట్జ్ ధ్వని సెకనులో పదోవంతు, అంతే విరామం, తరువాత 2300 హెర్ట్జ్ ధ్వని మరో పదోవంతు. పాత పల్స్ పద్ధతులకు 1400 గానీ 2300 గానీ ఒక్కటే ధ్వని. ఎస్.ఐ.ఎ. పద్ధతికి 2225. పెట్టె తన పలకరింపు వినేదాకా మౌనంగా ఉంటుంది.

కనుక వరుస ముఖ్యం. ఎక్కువ మంది ఖాతాదారుల పెట్టెలు ఏ భాష మాట్లాడతాయో ఆ ధ్వని ముందుండాలి. ఎవరూ వాడని ధ్వనులు జాబితాలో ఉంచితే ఒక్కొక్కటీ కొన్ని సెకన్లు తినేస్తుంది. తన వంతు రాకముందే పెట్టె విసిగి ఫోన్ పెట్టేయవచ్చు. రెండు ధ్వనుల మధ్య విరామం మరీ తగ్గిస్తే, పెట్టె జవాబు మొదలుపెట్టే వేళకే రిసీవర్ రెండో పలకరింపు అందుకుంటుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినబడదు.

పలకరింపు కుదిరాక పెట్టె 16 అంకెలు పంపుతుంది. ఉదాహరణకు 2045 18 1 130 01 012 6. మొదటి నాలుగూ దుకాణం ఖాతా సంఖ్య. 18 అంటే కాంటాక్ట్ ఐడి సందేశం. 1 అంటే కొత్తగా జరిగిన సంగతి. 130 దొంగతనం, అదే 110 అయితే నిప్పు. 01 విభాగం, 012 తలుపు సంఖ్య. చివరి 6 తనిఖీ అంకె. సున్నను పదిగా లెక్కించి అన్నీ కూడండి, 75 వస్తుంది. 15తో భాగిస్తే శేషం లేదు, అంటే అంకెలు చెడలేదన్నమాట. ఒక్కో అంకెకు ధ్వని, విరామం కలిపి సెకనులో పదోవంతు, మొత్తం 1.6 సెకన్లు.

అంతటితో అయిపోలేదు. రైల్వేలో ఒక స్టేషన్ మాస్టరు బ్లాక్ పరికరం మీద గంట కొడితే, అవతలి స్టేషను తిరిగి గంట కొట్టేదాకా విన్నట్టు లెక్క కాదు. ఇక్కడా అంతే. లెక్క సరిపోతే రిసీవర్ 1400 హెర్ట్జ్ ధ్వనిని ముప్పావు సెకను నుంచి సెకను దాకా వినిపిస్తుంది. "ముట్టింది" అని అర్థం. అది వినకపోతే పెట్టె మళ్ళీ పంపుతుంది.

రాగి తీగ పోయి ఫైబర్ ఫోన్ వచ్చిన చోట మరో చిక్కు ఉంది. మనిషి గొంతుకు సరిపడేలా శబ్దాన్ని కుదించే మార్గంలో ఈ ధ్వనులు నలిగిపోవచ్చు. మనం మాట్లాడితే లైను బాగానే ఉంటుంది, పెట్టె మాట మాత్రం చేరదు.

కాబట్టి అలారం పెట్టుకున్న శ్రోతలు సైరన్ మోగిందని తృప్తిపడకండి. ఫోన్ లైను మార్చినప్పుడల్లా, పెట్టె మార్చినప్పుడల్లా కేంద్రానికి ముందుగా చెప్పి, ఒక పరీక్ష కబురు పంపించండి. ఏ ఖాతా, ఏ తలుపు, ఎన్ని గంటలకు వచ్చిందో వారిచేత చెప్పించుకోండి. రోజూ తానే పరీక్ష కబురు పంపేలా పెట్టెను అమర్చవచ్చు. దాని సంఖ్య 602. ఆ కబురు ఒక రోజు రాకపోతే వెంటనే మీకు ఫోన్ చేయమని కేంద్రానికి గట్టిగా చెప్పండి. ఆ లోపం పగలు బయటపడితే బాగుచేసుకోవచ్చు. దొంగ వచ్చిన రాత్రి బయటపడితే చేసేదేమీ ఉండదు.