నూటికి ఇరవై మంది వినని మాట

రండర్రా, ఇలా కూర్చోండి. ఫోన్లు లోపల పెట్టి రమ్మని చెప్పను, ఇవాళ చెప్పబోయేది వాటిలో తిరిగే పుకార్ల సంగతే.

మన బరంపురంలో ఓ పుకారు పుట్టిందనుకుందాం. పొద్దున్న బడాబజార్లో బయల్దేరింది, రాత్రికి లాంజిపల్లి దాకా పాకింది. ఊరు ఊరంతా కోడై కూసిందంటాం. లెక్క వేసి చూస్తే అది నిజం కాదు. ఎవరూ నోరు కట్టుకోకపోయినా, నూటికి ఇరవై మంది చెవిన ఆ మాట అసలు పడదు.

ఈ లెక్క కట్టినవాళ్ళు కేంబ్రిడ్జిలో డారిల్ డేలీ, డేవిడ్ కెండల్ అని ఇద్దరు. 1964లో ‘నేచర్’ పత్రికలో చిన్న ఉత్తరంగా అచ్చువేయించారు. దాని వేళ్ళు మాత్రం మన దేశంలోనే ఉన్నాయి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడని బళ్ళో చదివారు కదా! ఆయన అక్కడితో ఊరుకోలేదు, ఎన్ని దోమలుంటే ఎంత జ్వరం అని సమీకరణాలు రాశాడు. 1901లో ఆయనతో సియర్రాలియోన్ వెళ్ళిన కుర్ర డాక్టరు మెకెండ్రిక్‌కి కూడా ఆ పిచ్చే పట్టింది. ఇండియాలో ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసి, తర్వాత ఎడింబరోలో కెర్మాక్ అనే ఆయనతో కలిసి 1927లో అంటువ్యాధుల లెక్క తేల్చాడు. దాన్ని సరిచూసుకోడానికి వాళ్ళు వాడింది 1905–06లో బొంబాయి ప్లేగు చావుల పట్టీ. డేలీ, కెండల్ వేసిన ప్రశ్న ఒక్కటే: పుకారు కూడా అంటుకునేదే గదా, దానికీ ఇదే లెక్క సరిపోతుందా?

సరిపోలేదు. జ్వరం వచ్చినవాడికి కొన్నాళ్ళకి దానంతటదే తగ్గుతుంది, ఎవర్ని కలిసినా కలవకపోయినా. పుకారు చెప్పేవాడికి అలా తగ్గదు. వాడి ఉత్సాహం చల్లారాలంటే ఎదుటివాడు "ఆఁ, పొద్దున్నే విన్నాంలే" అనాలి. అంతే, ముఖం ముడుచుకుపోతుంది, ఇంకెవరికీ చెప్పబుద్ధి కాదు.

కాస్త తేలిక చేసి చెబుతాను. చెప్పేవాడు తెలియనివాణ్ణి కలిస్తే, చెప్పేవాళ్ళు ఒకరు పెరిగారు. తెలిసినవాణ్ణి కలిస్తే, ఒకరు తగ్గారు. మొదట్లో ఎవరికీ తెలియదు కాబట్టి ఎక్కడికెళ్ళినా పెరగడమే. అందుకే జ్వరాలు కొన్ని మొదట్లోనే ఆరిపోతాయి గాని, ఈ లెక్కలో ఎంత పనికిమాలిన పుకారైనా అంటుకుంటుంది. ఊళ్ళో సగం మందికి తెలిసేసరికి పెరిగేవాళ్ళూ తగ్గేవాళ్ళూ సమానం. అక్కణ్ణించి దిగుడే. చెప్పేవాడంటూ ఒక్కడూ మిగలని వేళకి, వినని వాళ్ళు నూటికి 20.3 మంది ఉండిపోతారు. అందరూ గబగబా చెప్పినా నింపాదిగా చెప్పినా ఈ అంకె మారదు, పట్టే సమయం మారుతుందంతే.

"మరి అబద్ధమని తెలిస్తే ఆగదా తాతయ్యా?" అంటావు. ఈ లెక్కలో నిజానికీ అబద్ధానికీ గడే లేదమ్మలూ. మాట ఆగేది పాతబడి.

ఉదాహరణకి, 1995 సెప్టెంబర్ 21, గురువారం. వినాయకుడు పాలు తాగుతున్నాడని ఢిల్లీలో తెల్లవారకముందే మొదలైంది, పొద్దెక్కేసరికి దేశమంతా గుళ్ళ ముందు బారులు, చూస్తుండగానే లండన్ దాకా వెళ్ళింది. అప్పటికి మన దేశంలో నూరు మందికి ఒక ఫోను! ఎస్టీడీ బూత్‌లూ, పక్కింటి పిలుపులూ, అంతే. మన బరంపురంలోనూ లోటాలు పట్టుకుని పరుగులే. శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి పట్టి చూపించారు. చెంచా అంచు తొండానికి తగలగానే తలతన్యత వల్ల పాలు రాతికి అంటుకుని పలచటి పొరగా కిందికి జారిపోతాయి. తెల్లరాతి మీద తెల్లపాలు, ఎవడికి కనిపిస్తాయి? వంటింట్లో జాడీ పక్కలు తడిపి, నిండు చెంచా ఆనించి చూడండి, జాడీ కూడా తాగుతుంది! మీ నానమ్మకి చూపిస్తే చూసి, "జాడీ సంగతి నాకెందుకు" అంది. ఈ వివరణ జనానికి చేరేసరికి పుకారు ఎలాగూ పాతబడిపోయింది. 2006 ఆగస్టులో మళ్ళీ అదే మాట లేచింది, మళ్ళీ బారులు. పదకొండేళ్ళలో విన్నవాళ్ళు కొందరు మరిచారు, విననివాళ్ళు కొందరు పుట్టారు.

అయితే డేలీ, కెండల్ లెక్కలో ఒక లొసుగుంది. ఊళ్ళో ఎవరైనా ఎవరినైనా కలుస్తారని అనుకున్నారు. మన ఊరు అలా ఉందా? తెలుగు నేతగాళ్ళ వీధి వేరు, ఒడియా సాహి వేరు. ఒక్క వీధిలోనే తిరిగే మాట మళ్ళీ మళ్ళీ ఆ ముఖాలకే ఎదురై, "విన్నాంలే" అనిపించుకుని అక్కడే చచ్చిపోతుంది. 2001లో అర్జెంటీనా భౌతికశాస్త్రవేత్త డామియన్ జానెట్ ఇదే లెక్క కట్టాడు: దూరంవాళ్ళని కలిపే అడ్డదారులు ఒక మోతాదు దాటాలి, దాటకపోతే పుకారు పుట్టిన పేట వదలదు. బరంపురంలో ఆ అడ్డదారులెవరు? పొద్దున్న తెలుగులో విని మధ్యాహ్నం ఒడియాలో చెప్పే మనబోటి రెండు భాషలవాళ్ళమే. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి జాతర వచ్చిందంటే సరి, వీధులన్నీ కలిసిపోతాయి, అడ్డదారులకి కొదవుండదు.

వాట్సాప్ చేసిందీ అదే, జాతర్ని ఏడాది పొడుగునా పెట్టింది. 2018 జూలైలో మన దేశంలో ఒక మెసేజిని ఒక్కసారికి అయిదు చాట్లకి మించి పంపకుండా కట్టడి పెట్టారు. అప్పట్లో గ్రూపుకి 256 మంది, అయిదు గ్రూపులంటే ఒక్క నొక్కుకి 1,280 మంది! అదీ కట్టడి. 2020 ఏప్రిల్లో, బాగా తిరిగిన మెసేజీలని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపనిచ్చారు. అలాంటివి 70 శాతం తగ్గాయని కంపెనీవాళ్ళే చెప్పుకున్నారు.

ఆ 2018లోనే తెలుగు జిల్లాల్లో పార్థీ గ్యాంగు వచ్చింది, పిల్లల్ని ఎత్తుకుపోతోంది అని ఒకటే మెసేజీలు. కొన్నిచోట్ల అమాయకుల్ని పట్టుకుని కొట్టి చంపారు కూడా. గద్వాలలో జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊళ్ళమీదికి పంపి, డప్పులతో పాటలు కట్టించి, ఇలాంటి మెసేజీ వస్తుంది, అది ఉత్తదే అని చాటింపు వేయించారు. లెక్కలో ఇది ఎక్కడ పడుతుందో చూడండి. చెప్పేవాడికి మొదటి గడపలోనే "తెలుసులే" ఎదురవుతుంది. ఇందాక సగం దగ్గర దిగుడు మొదలవుతుందన్నాను కదా, అంటే ఊళ్ళో అందరికీ ముందుగా చెప్పి ఉంచక్కర్లేదు. సగం మందికి పైగా తెలిసి ఉంటే చాలు, పుకారు వచ్చిన గంట నుంచే తగ్గుముఖం పడుతుంది.