పీత తొట్టికి ఇంటి మూత

సముద్రతీరంలో ఖాళీ శంఖమొకటి తనంతట తానే కదలిపోవడం చూసినవారు దానిలో ఒక ప్రాణి కాపురమున్నదని గ్రహిస్తారు. అది సన్యాసి పీత. వీటిలో నేలమీద జీవించే రకాలకు శాస్త్రజ్ఞులు ‘సీనోబిటా’ అనే పేరు పెట్టారు. మఠంలో తోటివారితో కలసి నివసించే సన్యాసి అని ఆ మాటకు అర్థం. ఈ పీతలు గుంపులుగా తిరుగుతాయి కనుక పేరు ఉచితంగానే ఉంది. మన అండమాన్ నికోబార్ దీవులలోని కొబ్బరి పీత వీటికి దగ్గరి బంధువు.

కరేబియన్ దీవులలో కనిపించే రకాన్ని 1787లో ఫాబ్రీసియస్ వర్ణించాడు. అమెరికాలో పిల్లలు ముచ్చటపడి పెంచుకొనేది ఎక్కువగా దీనినే. అంగడిలో అమ్మే పీతలు దాదాపు అన్నీ తీరంలో పట్టి తెచ్చినవే. స్వేచ్ఛగా ఉంటే ముప్పై ఏళ్లు బ్రతుకగల ఈ ప్రాణి, ఇళ్లలో తరచు కొద్ది నెలలకే మరణిస్తుంది. అందుకు ఒక ముఖ్య కారణం గాలిలో తేమ చాలకపోవడం.

ఇది నేలమీద తిరిగినా ఊపిరి పీల్చేది మొప్పలతోనే. ఆ మొప్పలు ఎప్పుడూ తడిగా ఉండాలి. నీటిలో ముంచి ఉంచితే పీత మునిగి చనిపోతుంది. పొడిగాలిలో ఉంచితే ఊపిరాడక చనిపోతుంది. రెండవ మరణం మెల్లగా వస్తుంది కనుక ఎవరికీ తెలియదు. కదలకుండా పడి ఉన్న పీతను చూసి సోమరిదనుకుంటారు. గాలిలో తేమ నూటికి 70 నుంచి 80 పాళ్లు ఉండటం దీనికి అవసరం. ప్రకృతి దీనికి ఒక చిన్న తలుపును కూడా ఇచ్చింది: పెద్దదైన ఎడమ డెక్కను అడ్డుపెట్టి శంఖపు ద్వారాన్ని మూసి, లోపలి తడిని కాపాడుకుంటుంది. తొట్టికి వేసే మూత చేయవలసిన పని కూడా ఇదే.

అంగడిలో తొట్టితోపాటు ఇచ్చే ఇనుప జాలీ మూత నుంచి తేమ అంతా బయటికి పోతుంది. చలికాలంలో ఇంటిని వెచ్చబరచే యంత్రాలు నడుస్తున్నప్పుడు గదిలోని గాలి మరింత పొడిబారుతుంది. కాబట్టి మూతను ఇంటిలోనే తయారు చేసుకోవడం మంచిది. మొదట తొట్టి లోపలి అంచును రెండు మూడు చోట్ల కొలవాలి. అన్నిచోట్లా కొలత ఒకేలా ఉండదు. పలుచని అక్రిలిక్ పలక తేలికైనదే కాని, దాని అడుగుభాగం తేమను పీల్చి ఉబ్బుతుంది, పైభాగం పొడిగా ఉంటుంది. అందువల్ల నడుమ కుంగి మూలలు పైకి లేస్తాయి. గాజు బరువైనా వంగదు. అద్దాల దుకాణంలో కొలతకంటే రెండు మిల్లీమీటర్లు తక్కువగా రెండు ముక్కలు కోయించి, అంచులను తడిపిన ఎమరీ కాగితంతో రుద్ది, ప్లాస్టిక్ బందుతో కలిపితే ఒక సగాన్ని తలుపులా ఎత్తవచ్చు. అతికించడానికి బూజుమందు కలపని సిలికాన్ జిగురు వాడాలి. దాని పులుపు వాసన పూర్తిగా పోయేవరకు పీతలను లోపల పెట్టరాదు.

గాజుమీద వేడి దీపం పెడితే అది పగులుతుంది. అక్రిలిక్ అయితే మెత్తబడుతుంది. వేడినిచ్చే చాపను తొట్టి వెనుక గోడకు అంటించడం మేలు. దాని తీగ కోసం మూలలో వదిలే సందు పీత దూరలేనంత చిన్నదిగా ఉండాలి. రాత్రివేళ ఇవి మూలల్లోని జిగురు గీతను పట్టుకొని ఎగబ్రాకుతాయి. మూత తేలికగా ఉంటే దానిని నెట్టివేస్తాయి. అయితే గాలి పూర్తిగా ఆడకపోయినా ప్రమాదమే. గాజుమీద నీటిబొట్లు ఎడతెగక కారుతూ, ఇసుకమీద బూజు కనిపిస్తే మూతను కొంత జరపాలి.

తేమను కొలిచే సాధనాన్ని కూడా ముందుగా పరీక్షించాలి. సీసామూతలో ఉప్పు పోసి, కరగిపోకుండా తడిపి, సాధనంతోపాటు ఒక సంచిలో బిగించి రాత్రంతా ఉంచితే అది 75 చూపాలి. వేరే అంకె చూపితే ఆ తేడాను గుర్తుంచుకోవాలి.

కుబుసం విడిచే కాలంలో పీత ఇసుకలో పూడుకొని వారాల తరబడి కనిపించదు. చనిపోయిందని భావించి తవ్వరాదు. ఆ రోజులలో మేత, నీరు మార్చడానికి తప్ప మూత తెరవవలసిన పనిలేదు.