రసాయనము ఒలికినప్పుడు

గాఢ గంధకికామ్లపు సీసా చేయి జారి ప్రయోగశాల నేలమీద పగిలినదనుకొందాము. చూచినవారిలో చాలామందికి మొదట తోచే పని బకెట్టెడు నీళ్లు తెచ్చి కుమ్మరించడము. అదే ఆమ్లము ఒక విద్యార్థి చేతిమీద పడినదనుకొందాము. అప్పుడు కొందరు, ఆమ్లమునకు విరుగుడు క్షారమే గదా అని, సోడా కోసము బీరువా వెదకుతారు. రెండును తప్పే. నేలమీద పడినదానికి సోడా, ఒంటిమీద పడినదానికి నీరు. ఎందువలన?

గాఢ గంధకికామ్లములో నూటికి 98 పాళ్లు ఆమ్లమే. దాని సాంద్రత 1.84, అనగా నీటికంటె దాదాపు రెట్టింపు బరువైనది. దానిపై నీరు పోస్తే ఆ నీరు పైన తేలుతుంది. రెండును కలిసే పొరలో వేడి పుడుతుంది. ఈ వేడి స్వల్పము కాదు. అర లీటరు గాఢామ్లము సమృద్ధియైన నీటిలో కలిసేసరికి వెలువడే వేడితో రెండు లీటర్ల నీటిని మరగించవచ్చును. కొద్దిపాటి నీరు పోసినప్పుడు ఆ నీరే క్షణములో మరిగి, ఆవిరి ఆమ్లపు తుంపరలను పోసినవాని ముఖముపైకే చిమ్ముతుంది. ఆమ్లములో నీరు పోయరాదు, నీటిలోనే ఆమ్లమును పోయవలెను అని తరగతిలో వల్లె వేయించే సూత్రము నేలమీద కూడ సూత్రమే.

మరి ఒంటిమీద? ఇక్కడ ఆమ్లము కొన్ని చుక్కలు, నీరు కొళాయి ధార. పుట్టిన వేడిని ఆ ధారే మోసుకొని పోతుంది. కనుక చెంబుతో కొద్దికొద్దిగా గాక, ధారగా, కనీసము 15 నిమిషములు కడుగవలెను. తడిసిన బట్టలను ధార క్రిందనే తీసివేయవలెను. కంటిలో పడితే రెప్పలను వ్రేళ్లతో విడదీసి అంతసేపును కడిగి, వెంటనే వైద్యుని వద్దకు తీసికొని పోవలెను. సోడా చల్లితే తటస్థీకరణములో పుట్టే వేడి గాయముమీదనే పుడుతుంది. పైగా సోడా వెదకే అర నిమిషములో ఆమ్లము చర్మములోనికి దిగిపోతుంది.

ఇక నేల సంగతి. విద్యార్థులను బయటికి పంపి, కిటికీలన్నీ తెరిచి, ఉపాధ్యాయుడు కంటి అద్దాలు, రబ్బరు తొడుగులు ధరించి, పొడి ఇసుకతో ఒలికినదాని చుట్టు గట్టు కట్టవలెను. తరువాత వంటసోడాను అంచులనుండి లోపలికి కొద్దికొద్దిగా చల్లవలెను. పొంగు అణగి, తడి లిట్మస్ కాగితము ఎరుపెక్కకపోతే పని అయినట్లే. అప్పుడు పారతో ఎత్తి, మిగిలినదానిని నీటితో కడుగవచ్చును.

ఎంత సోడా కావలెను? ఇది విద్యార్థులకు మంచి లెక్క. అర లీటరు సీసాలో ఆమ్లము సుమారు 900 గ్రాములు. 98 గ్రాముల ఆమ్లమునకు 168 గ్రాముల వంటసోడా చొప్పున, కిలోన్నరకు పైగా కావలెను. వెలువడే బొగ్గుపులుసు వాయువు సుమారు 450 లీటర్లు. కిటికీలు తెరువుమన్నది అందుకే. అంగడిలో రెండున్నర లీటర్ల సీసాలు కూడ దొరుకుతాయి. అది పగిలితే దాదాపు ఎనిమిది కిలోల సోడా! అంత సోడా ఉన్న బడి ఎక్కడ? అందువలన జాగ్రత్త సీసా కొనేనాడే మొదలు కావలెను: చిన్న సీసాలే కొని, క్రింది అరలో, ప్లాస్టిక్ పళ్లెములో ఉంచి, ఇసుక బకెట్టును, సోడా డబ్బాను గుమ్మము ప్రక్కన పెట్టవలెను. బీరువాలో పెట్టి తాళము వేసిన సోడా వల్ల ఉపయోగము లేదు.

ఒలికిన ద్రవమును పీల్చుటకు కొన్ని చోట్ల రంపపు పొట్టు వాడుతారు. నూనెకు అది బాగే. గాఢ నత్రికామ్లముపై చల్లితే మాత్రము ఎర్రని విషవాయువు లేచి, పొట్టు అంటుకొనవచ్చును. బ్లీచింగ్ పౌడరును ఆమ్లముతో కలిపితే క్లోరిన్ పుడుతుంది. మరుగుదొడ్లు కడిగేవారు తెలియక ఈ రెండింటిని కలిపి ఊపిరాడక పడిపోవడము కలదు.

ఒలికినది చేతితో ఎత్తగలిగినది కానప్పుడు దూరముగా పోవడమే పని. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నము శివారులోని ఆర్.ఆర్. వెంకటాపురము వద్ద ఒక కర్మాగారపు తొట్టిలోని స్టైరీన్ తనంతట తానే పాలిమర్‌గా మారుతూ వేడెక్కి, ఆవిరియై వెలువడినది. పదిమందికి పైగా మరణించినారు. స్టైరీన్ ఆవిరి గాలికంటె మూడున్నర రెట్లు బరువు. అది పైకి పోక నేలను అంటుకొని పాకుతుంది. ఇట్టి సమయములో పల్లమునకు పోరాదు. గాలి వీచే దిశకు అడ్డముగా నడిచి, 112కు తెలుపవలెను.

స్టైరీన్‌కు వాసన కలదు, ముక్కు హెచ్చరిస్తుంది. వాసన లేని విషపుటావిరి ఒకటి మన బడులలోనే ఉన్నది: పాదరసము. పాత థర్మామీటరు పగిలితే పిల్లలు ఆ వెండి పూసలను అరచేతిలో దొర్లించి ముచ్చటపడుతారు. 20 డిగ్రీల వద్ద పాదరసపు ఆవిరితో నిండిన ఒక ఘనమీటరు గాలిలో 13 మిల్లీగ్రాములకు పైగా పాదరసము ఉంటుంది. పనిచేసేచోట 0.025 మిల్లీగ్రాములు మించరాదని నియమము. మన వేసవిలో, 40 డిగ్రీల వద్ద, ఆవిరి ఇంకను నాలుగైదు రెట్లు పెరుగుతుంది. చీపురుతో ఊడిస్తే ఒక పూస వంద పూసలై, ఆవిరయ్యే తలము హెచ్చుతుంది. ఉంగరము తీసివేసి (బంగారమును పాదరసము పట్టుకొంటుంది), అట్టముక్కతో పూసలను ఒకచోటికి చేర్చి, సిరా ఫిల్లరుతో పీల్చవలెను. పగుళ్లలో మిగిలినదానిపై గంధకపు పొడి చల్లడము పాత అలవాటు. గంధకము దానితో చాల నెమ్మదిగా కలుస్తుంది, కనుక పొడి చల్లినాము గదా అని గది తలుపులు మూయరాదు. ఎత్తిన పాదరసమును కాలువలో పోయక, మందపు సీసాలో నీటి అడుగున ఉంచి, బిరడా బిగించి, పేరు వ్రాసి అంటించవలెను. ఎవరికి అప్పగించవలెనో కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయములో అడిగి తెలిసికొనవచ్చును.