డీజిలు ట్యాంకులో పెట్రోలు

నాట్లకాలమున దమ్ము చేయుచున్న ట్రాక్టరునకు, క్యానులు తారుమారై డీజిలునకు మారుగా పెట్రోలు పోసినచో, రైతునకు ప్రథమకర్తవ్యము తాళపుచెవిని త్రిప్పకుండుట. ఇంజను నడచుచున్నచో తత్క్షణమే ఆపుట.

కారణము యంత్రధర్మముననే యున్నది. పెట్రోలు ఇంజనులో స్పార్కుప్లగ్గు నిప్పు పుట్టింపగా, 1890ల దశాబ్దమున రుడాల్ఫ్ డీజిల్ రూపొందించిన యంత్రములో గాలి సుమారు 16వ వంతునకు సంపీడితమై, ఆ యుష్ణము చేతనే ఇంధనము మండును. అంతియేకాదు, పంపులోను ఇంజెక్టర్లలోను వెంట్రుకకన్న సన్నని సందులలో కదలాడు ఉక్కుభాగములకు డీజిలే కందెన. పెట్రోలునకు ఆ జిడ్డుగుణము చాలనందున అవి ఒరసికొని, గీతలుపడి, పంపు మరమ్మతు రైతునకు దుర్భరమగును.

కావున బీడీకి, నిప్పునకు దూరముగా ఆరుబయట ట్యాంకులోని ఇంధనమును పూర్తిగా వంచి, శుభ్రమైన డీజిలుతో కడిగి, ఫిల్టర్లు మార్చి, క్రొత్త డీజిలు నింపవలెను. పిమ్మట ఫిల్టరు తలపైనున్న, లోని గాలిని వెడలించు మరను కొంచెము వదులుచేసి చేతిపంపు నొత్తుచుండగా, మొదట నురుగును, తరువాత విడివిడి బుడగలును, తుదకు బుడగ యొక్కటియు లేని డీజిలును వెలువడును. అప్పుడే మర బిగింపవలెను. ఇచట తొందరపడువారే పిదప స్టార్టరును ఆపక త్రిప్పి బ్యాటరీని నీరసింపజేయుదురు. పెట్రోలుతో కొంతసేపు నడచిన ఇంజను, ఇంత చేసినను సరిగా లేవకున్నచో, పంపును ఇంజెక్టర్లను డీజిలు పంపుల మెకానిక్కుచే పరీక్షింపజేయుటయే మేలు.

వంచిన మిశ్రమమును పంటబోదెలోనికి విడువకుడు. మూత బిగించిన ఇనుపడబ్బాలో నుంచి మెకానిక్కునకు అప్పగింపుడు.