వైర్ ఫీడర్‌కు తగిన జోడీ ఏది?

ఊళ్లో గేట్లు, గ్రిల్స్ చేసే షాపు ముందు నుంచి వెళ్లేవాళ్లకు వెల్డింగ్ అంటే ఒకటే దృశ్యం. చేతిలో హోల్డరు, అందులో బిగించిన రాడ్డు, చిటపటలాడే నిప్పురవ్వలు. రాడ్డు కరిగి చివరి ముక్క మిగిలాక దాన్ని పారేసి కొత్తది పెట్టుకోవాలి. గేటుకైతే ఇది చాలు. వంతెన గిర్డరుకో, ఆయిల్ ట్యాంకుకో, ఓడ పలకకో మీటర్ల కొద్దీ అతుకు వేయాలంటే ఇలా మాటిమాటికీ ఆగితే పని తెమలదు. అందుకే అక్కడ రాడ్డు బదులు స్పూలుకు చుట్టిన తీగ వాడతారు. గన్ ట్రిగ్గర్ నొక్కి ఉంచినంతసేపూ తీగ దానంతట అదే వస్తూ ఉంటుంది. అతుకుకు రక్షణగా కార్బన్ డయాక్సైడ్ గ్యాసు వదులుతారు కాబట్టి మన వర్క్‌షాపుల్లో దీన్నే సీఓటూ వెల్డింగ్ అంటారు.

ఆ తీగను రోలర్ల మధ్య పట్టి గన్‌లోకి నెట్టే పెట్టె వైర్ ఫీడర్. అందులో చేత్తో మోసుకెళ్లే సూట్‌కేస్ రకం ఒకటి ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని దాన్ని కొని, షాపులో అప్పటికే ఉన్న రాడ్డు మెషీనుకు తగిలించి చూసేవాళ్లు ఉంటారు. ఒక్కోసారి పని జరిగిపోతుంది. ఒక్కోసారి తీగ పలకకు గుచ్చుకుని అంటుకుపోతుంది, లేదా వెనక్కి కాలుతూ వచ్చి గన్ చివరి రాగి టిప్‌కు అతుక్కుంటుంది. మరోసారి ఫీడర్‌లో కనీసం లైటు కూడా వెలగదు. ఫీడర్ పాడైందనుకుని మెకానిక్‌కు ఇస్తే, విప్పి చూసి అన్నీ బాగానే ఉన్నాయంటాడు. నిజంగానే బాగుంటాయి. ఆ రెండు యంత్రాలకే పొత్తు కుదరలేదు.

పెట్టె ఎందుకు కదలాలి?

సీఓటూ పనిలో ఎక్కువగా కనిపించే తీగ మందం 1.2 మి.మీ. అంత సన్నని తీగను వెనక నుంచి నెట్టాలి. గన్ కేబుల్ పొడవు మూడు నుంచి ఐదు మీటర్లు దాటితే లోపలి లైనర్‌లో రాపిడి పెరిగి తీగ తడబడుతుంది. కాబట్టి పని ఎక్కడుంటే ఫీడర్ ఆ పక్కనే ఉండాలి. కరెంటిచ్చే మెషీను మాత్రం బరువైనది. నేల మీద ఓ మూలనో, డీజిల్ ఇంజిన్‌తో కలిపి ట్రాలీ మీదో ఉండిపోతుంది. పెద్ద యార్డుల్లో రెండింటికీ మధ్య 50 మీటర్ల కేబుల్ ఉండటం వింతేమీ కాదు.

విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డ్ లాంటి చోట కట్టే పెద్ద ఓడలనే తీసుకుంటే, వాటి అడుగు రెండు పొరల ఉక్కు పలకలతో ఉంటుంది. ఆ పొరల మధ్య గదుల్లోకి మనిషి వెళ్లాలంటే మ్యాన్‌హోల్‌లోంచి దూరాల్సిందే. మనిషి దూరే చోట ఫీడర్ కూడా దూరాలి. పైన పిడి, చుట్టూ మూత, లోపల స్పూలు ఉండే సూట్‌కేస్ ఫీడర్ ఇలాంటి పనుల కోసం వచ్చిందే. అమెరికా కంపెనీలు లింకన్ ఎలక్ట్రిక్ ‘ఎల్ఎన్-25’, మిల్లర్ ‘సూట్‌కేస్’ ఈ రకంలో పేరున్నవి. పెద్ద సైజు పెట్టె ఒక్కటే 16 కిలోల దాకా ఉంటుంది. అందులో 15 కిలోల స్పూలు పెడితే మోసేవాడి చేతికి 30 కిలోలు దాటుతుంది. అందుకే ఇరుకు చోట్లకు 5 కిలోల స్పూలు పట్టే చిన్న పెట్టెలూ దొరుకుతాయి.

రెండు స్వభావాల మెషీన్లు

వెల్డింగ్ మెషీన్లు చూడటానికి ఒకేలా ఉన్నా స్వభావంలో రెండు జాతులు. రాడ్డు మెషీను కరెంటును నిలకడగా ఉంచుతుంది. నేమ్‌ప్లేటు మీద దీన్ని సీసీ అంటారు. వెల్డరు చేయి కాస్త అటూఇటూ కదలడం సహజం. రాడ్డుకూ పలకకూ మధ్య దూరం మారినప్పుడల్లా కరెంటు కూడా మారితే అతుకు ఒకచోట పలచన, ఒకచోట ముద్ద అవుతుంది. అందుకని 120 ఆంపియర్లకు పెడితే వోల్టేజీ పెరిగినా తగ్గినా కరెంటు దాదాపు అక్కడే ఉండేలా దీన్ని తయారుచేస్తారు.

సీఓటూ మెషీను తీరు వేరు. ఇది వోల్టేజీని నిలకడగా ఉంచుతుంది, పేరు సీవీ. డాబా మీద ట్యాంకు ఉన్న ఇంట్లో కుళాయి కొద్దిగా తిప్పినా పూర్తిగా తిప్పినా నీటి ఒత్తిడి ఇంచుమించు అంతే, ధార మాత్రం మారుతుంది. ఇదీ అంతే. కరెంటు వంద ఆంపియర్లు పెరిగినా వోల్టేజీ సాధారణంగా రెండు మూడు వోల్టులకు మించి దిగదు.

ఈ స్వభావం వల్లే తీగ వెల్డింగ్ సులువైంది. ఫీడర్ మోటారు ఒకే వేగంతో తీగను నెడుతూ ఉంటుంది. 1.2 మి.మీ. ఉక్కు తీగైతే 200 ఆంపియర్ల దగ్గర నిమిషానికి సుమారు ఐదు మీటర్లు. వెల్డరు గన్‌ను కొంచెం దగ్గరకు తెచ్చాడనుకుందాం. తీగకూ పలకకూ మధ్య మండే ఆర్క్ పొట్టిదవుతుంది, సీవీ మెషీను ఒక్కసారిగా ఎక్కువ కరెంటు వదులుతుంది, తీగ త్వరగా కరిగి దూరం మళ్లీ మొదటికి వస్తుంది. గన్‌ను దూరం జరిపితే ఇందుకు సరిగ్గా తిరగబడి జరుగుతుంది. వెల్డరు నాబ్ ముట్టుకోనక్కర్లేదు.

ఇదే ఒకే వేగపు ఫీడర్‌ను సీసీ మెషీనుకు తగిలిస్తే ఆ సర్దుబాటు పోతుంది. కరెంటు మారదు గనుక తీగ కరిగే వేగమూ మారదు. నెట్టే వేగం రవ్వంత ఎక్కువైతే తీగ పలకను పొడుస్తుంది, రవ్వంత తక్కువైతే కాలుతూ టిప్ దాకా వస్తుంది. ఈ రెంటి మధ్య నిలిచే చోటు దొరకదు.

1920 నాటి ఉపాయం

మరి సీసీ మెషీనుతో తీగను నడిపే దారే లేదా? ఉంది, అది సీవీ మెషీన్ల కంటే పాతది. 1920లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన పి.ఓ. నోబెల్ రూపొందించిన ఆటోమేటిక్ వెల్డింగ్‌లో తీగ వేగాన్ని ఆర్క్ వోల్టేజీయే నిర్ణయించేది. అరిగిపోయిన మోటారు షాఫ్టులు, క్రేను చక్రాల మీద లోహం పోసి నింపడానికి దాన్ని వాడారు. గ్యాసు రక్షణతో నడిచే నేటి మిగ్ వెల్డింగ్ రూపు దిద్దుకున్నది 1948లో, అమెరికాలోని బ్యాటెల్ సంస్థలో. ఆ తర్వాత సీవీ మెషీన్లు, ఒకే వేగపు ఫీడర్లు రాజ్యమేలాయి. అయినా పాత ఉపాయం పోలేదు, సూట్‌కేసులోకి చేరింది.

వోల్టేజీని పసిగట్టే ఈ ఫీడర్‌కు మెషీను నుంచి వేరే కంట్రోల్ కేబుల్ అక్కర్లేదు. వెల్డింగ్ కేబుల్ తెచ్చి వెనక బిగిస్తారు. పెట్టెలోంచి వచ్చే సన్నని వైరు చివర చిన్న క్లిప్పు ఉంటుంది, దాన్ని పని జరిగే పలకకు పట్టిస్తారు. ఆ రెండింటి మధ్య ఉన్న వోల్టేజీతోనే మోటారు, గ్యాస్ వాల్వు, మీటరు అన్నీ నడుస్తాయి. సీసీ మెషీనుకు కలిపి ఆ మేరకు స్విచ్చి మారిస్తే, ఆర్క్ పొడవై వోల్టేజీ పెరగగానే మోటారు వేగం పెంచుతుంది, పొట్టిదైతే తగ్గిస్తుంది. క్లిప్పు తుప్పు మీదో పెయింటు మీదో పడితే మాత్రం ఫీడర్‌కు ప్రాణం రాదు. ఆ చోటును గ్రైండరుతో తళతళలాడేలా రుద్ది పట్టించాలి.

అలాగని ఇది ఏ మెషీనుతోనైనా కలిసిపోదు. మొదటిది, దీనికి డీసీ కావాలి. మన దగ్గర ఇప్పటికీ చాలాచోట్ల కనిపించే ఆయిల్ కూల్డ్ ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్లు ఏసీ ఇస్తాయి, వాటికి ఈ ఫీడర్ కలపకూడదు. రెండోది వీఆర్‌డీ. షాక్ కొట్టకుండా ఆర్క్ లేనప్పుడు వోల్టేజీని బాగా తగ్గించేసే ఏర్పాటు ఇది. ఫీడర్ మేలుకోవడానికి కనీసం 15 వోల్టులైనా కావాలి కాబట్టి వీఆర్‌డీ పనిచేస్తున్న మెషీనుతో అది ఉలకదు, పలకదు. మూడోది, టంగ్‌స్టన్ కడ్డీతో అతికే టిగ్ మెషీన్లలో ఆర్క్ అంటించడానికి వాడే హై ఫ్రీక్వెన్సీ. అది ఫీడర్ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డును కాల్చేయగలదు.

ఇంకో పరిమితి పనికి సంబంధించింది. సన్న తీగతో పలచటి రేకులు అతికేటప్పుడు తీగ కొన సెకనుకు పదుల సార్లు పలకను తాకి విడిపోతుంది. తాకిన ప్రతిసారీ వోల్టేజీ అడుగంటుతుంది. ఆ వేగాన్ని ఈ ఫీడర్ మోటారు అందుకోలేదు. అందుకే సీసీ మెషీను మీద సూట్‌కేస్ ఫీడర్ లోపల ఫ్లక్స్ పొడి నింపిన లావాటి ఫ్లక్స్ కోర్ తీగలకు గడ్డు సమయంలో అక్కరకొచ్చే ఏర్పాటు మాత్రమే. నాణ్యత పరీక్షలకు నిలవాల్సిన అతుకులకు ఆ ఫీడర్‌ను కూడా సీవీ మెషీనుతోనే నడపాలి. సీసీ, సీవీ రెండూ ఇచ్చే ఇంజిన్ వెల్డర్లలో స్విచ్చి రాడ్డు వైపే ఉండిపోయిందేమో ముందు చూడాలి.

ప్లగ్గు దూరినంత మాత్రాన...

వోల్టేజీని పసిగట్టేవి ఒక రకం. రెండో రకం ఫీడర్లకు మెషీను నుంచి కంట్రోల్ కేబుల్ రావాలి. మోటారుకు కరెంటు, ట్రిగ్గర్ నొక్కినట్టు సంకేతం, వోల్టేజీ పెంచే తగ్గించే ఆజ్ఞ అన్నీ దీని గుండానే వెళ్తాయి. అసలు చిక్కు ఇక్కడే. లింకన్, మిల్లర్ మెషీన్లు రెండింటిలోనూ 14 పిన్నుల గుండ్రటి సాకెట్ కనిపిస్తుంది. ఒకదాని ప్లగ్గు మరోదానిలో చక్కగా దూరుతుంది. కానీ మిల్లర్ ఫీడర్లు సాధారణంగా 24 వోల్టుల ఏసీతో నడుస్తాయి, లింకన్‌వి 42 వోల్టులతో. ఏ పిన్ను ఏ పని చేస్తుందన్నదీ వేరే. సరైన అడాప్టరు లేకుండా కలిపితే ఫీడర్ నడవకపోవడం అదృష్టం, కాలిపోవడం దురదృష్టం. కొత్త డిజిటల్ ఫీడర్లైతే సొంత కంపెనీ మెషీనుతో తప్ప మాట్లాడవు.

మన మార్కెట్లో దొరికే ఆరు, ఏడు పిన్నుల మెషీన్లకూ ఇదే జాగ్రత్త. మోటారు వోల్టేజీ ఎంత, ట్రిగ్గర్ ఏ రెండు పిన్నుల మీద, వోల్టేజీ నాబ్ ఫీడర్ మీద పనిచేస్తుందా అన్నది సర్క్యూట్ బొమ్మ చూసి నిర్ధారించుకోవాలి. సీఓటూ సిలిండరు రెగ్యులేటరు మంచు పట్టకుండా వాడే హీటరుకు కూడా సరైన సాకెట్ కావాలి. 36 వోల్టుల హీటరును 110 వోల్టుల సాకెట్లో పెడితే అది మాడిపోతుంది.

కేబుల్ మింగే వోల్టులు

మెషీనూ ఫీడరూ కలిశాయి, అయినా బీడ్, అంటే పలక మీద పడే అతుకు గీత, ఉబ్బెత్తుగా, చల్లబడ్డట్టు పడుతోంది. అప్పుడు కేబుల్ వైపు చూడాలి. 50 చదరపు మి.మీ. రాగి కేబుల్ 50 మీటర్లు వెళ్లి, ఎర్త్ కేబుల్ మరో 50 మీటర్లు తిరిగి వస్తే మొత్తం వంద మీటర్లు. దాని నిరోధం సుమారు 0.035 ఓములు. 200 ఆంపియర్లు పారితే దారిలోనే 7 వోల్టులు ఖర్చవుతాయి. మెషీను మీటరు 24 చూపిస్తుంటే, పలకకు క్లిప్పు పెట్టిన ఫీడర్ మీటరు 17 చూపిస్తుంది. కేబుల్‌ను 95 చదరపు మి.మీ.కు మారిస్తే నష్టం నాలుగు వోల్టుల లోపుకు దిగుతుంది. అందుకే దూరపు పనుల్లో వోల్టేజీని ఫీడర్ దగ్గరి మీటరు చూసి పెట్టుకోవాలి.

డ్యూటీ సైకిల్ సంగతి కూడా రాడ్డు పనిలో కంటే ఇక్కడే ఎక్కువ బయటపడుతుంది. రాడ్డు మార్చే ప్రతిసారీ మెషీనుకు విరామం దొరుకుతుంది, తీగ పనిలో ఆ విరామం ఉండదు. 60 శాతం దగ్గర 400 ఆంపియర్లు అని రాసి ఉంటే, పది నిమిషాల్లో ఆరు నిమిషాలు మాత్రమే అంత లోడు మోయగలదని అర్థం. ఆగకుండా నడపాలంటే 310 ఆంపియర్లకు దించాలి. ఫీడర్‌కూ గన్‌కూ వాటి రేటింగులు వేరే ఉంటాయి. మూడింట్లో ఏది తక్కువో అదే లెక్క. సీఓటూతో రాసిన గన్ రేటింగు ఆర్గాన్ కలిపిన గ్యాసు వాడితే ఇంకా తగ్గుతుంది.

చివరికి తీగ మాట. మామూలు ఉక్కు తీగకు, గ్యాసుతో వాడే ఈ71టీ-1 ఫ్లక్స్ కోర్ తీగకు గన్ పాజిటివ్‌కు ఉండాలి. గాలి వీచే ఆరుబయట గ్యాసు నిలవదు కాబట్టి అక్కడ వాడే ఈ71టీ-8, ఈ71టీ-11 తీగలకు గన్ నెగటివ్‌కు ఉండాలి. ఇది తిరగబడితే ఎంత మంచి జోడీ అయినా చిమ్ముడు తప్ప అతుకు రాదు. రోలర్లు కూడా తీగను బట్టే: గట్టి ఉక్కు తీగకు వి గాడి, మెత్తని ఫ్లక్స్ కోర్‌కు గరుకు పళ్లు, అల్యూమినియానికి యు గాడి.

ఫీడర్ కొనబోయేవాళ్లు బేరం ఆడే ముందు తమ మెషీను నేమ్‌ప్లేటును, వెనకాల సాకెట్‌ను ఫోటో తీసుకుని వెళ్లాలి. సీసీయా సీవీయా, డీసీయా ఏసీయా, వీఆర్‌డీ ఉందా, కంట్రోల్ సాకెట్లో ఎన్ని వోల్టులు వస్తాయి, 60 శాతం దగ్గర ఎన్ని ఆంపియర్లు అన్న ప్రశ్నలకు అమ్మేవాడి దగ్గర జవాబు దొరకాలి. దొరికాక కూడా, సైటులో వాడే అసలు కేబుల్ పొడవుతోనే ఒక బీడ్ వేయించి చూసి డబ్బు ఇవ్వాలి.