డీఎన్ఏ సరిపోలికలతో వంశవృక్ష నిర్మాణం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• డీఎన్ఏ సరిపోలిక అంటే ఏమిటో, దాన్ని ఎలా కొలుస్తారో వివరించగలుగుతారు.
• సరిపోలికల జాబితా నుంచి ఉమ్మడి పూర్వీకులను గుర్తించే క్రమాన్ని చెప్పగలుగుతారు.
• మేనరికాలు జరిగిన కుటుంబాల్లో ఫలితాలను ఎలా చదవాలో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు లక్షా యాభై వేలకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాల్‌కు వెళ్లారు. వారిలో తెలుగువారు కూడా ఉన్నారు. ఓడల పట్టికల్లో పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు వంటి వివరాలు రాశారు. కాని ఊరి పేర్లను గుమాస్తా తన చెవికి వినిపించినట్లు రాసుకున్నాడు. ఇంటిపేరు తెలియక, ఊరి పేరు పోల్చుకోలేక, నేటి వారసులు చాలామంది ఆ కాగితం దగ్గరే ఆగిపోతున్నారు. కాగితం ఆగిన చోటు నుంచి డీఎన్ఏ కొంత దూరం తీసుకుపోగలదు. ఎంత దూరం, ఎంత నమ్మకంగా అన్నదే ఈ భాగంలోని విషయం.

2. సరిపోలిక అంటే ఏమిటి?

మన 23 జతల క్రోమోజోముల్లో ప్రతి జతలోనూ ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. తల్లిదండ్రులు తమ క్రోమోజోములను ఉన్నవి ఉన్నట్లుగా ఇవ్వరు. ప్రతి తరంలో పునఃసంయోజనం జరిగి, తాత ముక్క కొంత, అమ్మమ్మ ముక్క కొంత కలిసి కొత్త క్రోమోజోము ఏర్పడుతుంది. అందుచేత తరాలు గడిచేకొద్దీ ఒకే పూర్వీకుని నుంచి వచ్చిన ఖండాలు చిన్నవవుతూ, తగ్గుతూ పోతాయి. ఇద్దరు వ్యక్తుల్లో ఇటువంటి ఖండాలు ఒకేలా కనిపిస్తే దాన్ని సరిపోలిక అంటారు.

ఖండాల పొడవును సెంటీమోర్గన్లలో కొలుస్తారు. ఒక తరంలో పునఃసంయోజనం జరిగే అవకాశం నూటికి ఒకటిగా ఉండే పొడవు ఒక సెంటీమోర్గన్. సాధారణంగా కనిపించే సగటు విలువలు సుమారుగా ఇవి:

• తల్లి లేదా తండ్రి – బిడ్డ: 3,400
• తాత – మనుమడు. మేనమామ – మేనల్లుడు: 1,700
• అన్నదమ్ముల పిల్లలు, అక్కాతమ్ముల పిల్లలు: 850
• వారి పిల్లలు ఒకరికొకరు: 210
• ఆ తరువాతి తరం: 50 నుంచి 75

ఇవి సగటులే. పట్టికలోని చివరి వరుస బంధువుల్లో పది మందిలో సుమారు ఒకరికి ఒక్క సరిపోలిక కూడా కనిపించకపోవచ్చు. మరో తరం దిగితే దాదాపు సగం మందికి కనిపించదు. కాబట్టి సరిపోలిక లేకపోవడం బంధుత్వం లేదనడానికి రుజువు కాదు.

3. పరిశోధన క్రమం

మొదటి సూత్రం: ఇంట్లో అందరికన్నా పెద్దవారిని పరీక్షించాలి. 1905 ప్రాంతంలో నేటాల్ వెళ్లిన ఒకరిని ఊహించుకోండి. ఆయన మనుమడికీ, ఊళ్లో ఉండిపోయిన ఆయన తమ్ముడి మనుమడికీ మధ్య సగటున 200 సెంటీమోర్గన్లు ఉంటాయి. ఆ మనుమల మనుమలను పరీక్షిస్తే సగం సందర్భాల్లో ఏమీ దొరకదు. ఎనభై ఏళ్ల పెద్దాయన నమూనా విలువ అక్కడ తెలుస్తుంది.

రెండోది: తల్లి వైపు, తండ్రి వైపు విడదీయాలి. మేనమామ పరీక్ష చేయించుకుంటే, ఆయనతోనూ మీతోనూ సరిపోలేవారు సాధారణంగా తల్లి వైపువారు.

మూడోది: ఒకరితో ఒకరు కూడా సరిపోలేవారిని ఒక గుంపుగా చేర్చి, వారి వంశవృక్షాలను పక్కపక్కన పెట్టి, ఉమ్మడి దంపతుల కోసం వెతకాలి.

నాలుగోది: దొరికిన ఊహను కాగితంతో, నోటిమాటతో సరిచూడాలి. భూమి పత్రాలు, ఓడల పట్టికలు, కాశీ గయల్లో తీర్థ పురోహితుల పుస్తకాలు ఇందుకు పనికివస్తాయి. కొన్ని కులాలవారి గోత్రాలు, వంశాలు పాడే పిచ్చిగుంట్లవారి జ్ఞాపకం కూడా ఆధారమే.

తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే వెళ్లే వై క్రోమోజోము ఇంటిపేరు నడిచే దారిలోనే నడుస్తుంది. అందువల్ల ఇంటిపేరు మారిపోయిన శాఖలను కలపడానికి ఆ పరీక్ష ఉపకరిస్తుంది. దత్తత జరిగిన చోట మాత్రం ఇంటిపేరు ఒక దారి, వై క్రోమోజోము ఒక దారి పడతాయి.

4. మేనరికం తెచ్చే చిక్కు

పరీక్ష సంస్థల అంచనాలు సాధారణంగా దంపతుల మధ్య రక్తసంబంధం లేదన్న భావనపై నడుస్తాయి. మన కుటుంబాల్లో అది చాలాసార్లు నిజం కాదు. ఈ ఊహాత్మక ఉదాహరణ చూడండి.

సీతమ్మ, వెంకయ్య, రామయ్య తోబుట్టువులు. సీతమ్మ కొడుకు తన మేనమామ వెంకయ్య కూతురిని చేసుకున్నాడు. వారి బిడ్డ రవి. రామయ్య కొడుకు శ్రీను. శ్రీను రవి తండ్రికి బావ వరస, తల్లికి అన్న వరస. అంటే రవికి మేనమామ వరస.

శ్రీనుకు రవి తండ్రితో 12.5 శాతం డీఎన్ఏ ఉమ్మడి. అందులో సగం, 6.25 శాతం, రవికి వస్తుంది. తల్లి వైపు నుంచి మరో 6.25 శాతం వస్తుంది. మొత్తం 12.5 శాతం, అంటే సుమారు 850 సెంటీమోర్గన్లు. ఫలితం చూసిన సంస్థ వారిద్దరినీ ఫస్ట్ కజిన్స్ అంటుంది. నిజానికి శ్రీను ఒక తరం పైవాడు. ఈ అంచనాను నమ్మి గీసిన వంశవృక్షంలో ఒక తరం మాయమవుతుంది.

మేనమామనే పెళ్లాడిన కుటుంబాల్లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. పైగా ఎన్నో తరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు జరగడం వల్ల, దగ్గరి బంధుత్వం లేనివారికి కూడా అనేక చిన్న ఖండాలు ఉమ్మడిగా ఉంటాయి. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన, భారతీయ సమూహాల్లో ఈ అంతర్వివాహ ప్రభావం ఎంత బలమైనదో చూపింది. కాబట్టి మొత్తం సెంటీమోర్గన్లతో పాటు అతి పొడవైన ఖండాన్ని కూడా చూడాలి. ఒక్క 40 సెంటీమోర్గన్ల ఖండం దగ్గరి ఉమ్మడి పూర్వీకుని సూచించే అవకాశం ఎక్కువ. అంతే మొత్తం ఐదారు చిన్న ముక్కలుగా ఉంటే అది పాత కుల సంబంధం కావచ్చు.

5. బాధ్యత

ఒకరు ఇచ్చిన నమూనా ఆ ఒక్కరిది మాత్రమే కాదు. 2018లో కాలిఫోర్నియాలో దశాబ్దాల నాటి హత్యల నిందితుడిని అతని దూరపు బంధువుల సరిపోలికల సాయంతో గుర్తించారు. అదే విధంగా, ఇంట్లో ఎవరూ చెప్పని దత్తత గాని, మరో సంబంధపు సంతానం గాని బయటపడవచ్చు. పెద్దవారిని నమూనా అడిగే ముందు ఈ సంగతి వారికి అర్థమయ్యేలా చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోవాలి. తెలిసిన నిజాన్ని ఎవరికి, ఎప్పుడు చెప్పాలో ఆ నిజం వల్ల జీవితం మారేవారిని ముందు దృష్టిలో పెట్టుకుని నిర్ణయించాలి.

సారాంశం

సరిపోలిక బంధుత్వపు దూరాన్ని సూచిస్తుంది, వరసను చెప్పదు. బావో అన్నో, మేనమామో చిన్నాన్నో చెప్పేది కుటుంబ జ్ఞాపకం, పత్రాలు. రెండూ ఒకే దంపతుల వైపు చూపినప్పుడే వంశవృక్షంలో ఆ పేరు రాయాలి.

మాదిరి ప్రశ్నలు

1. సెంటీమోర్గన్ అంటే ఏమిటి?
2. కుటుంబంలో పెద్దవారిని ముందుగా ఎందుకు పరీక్షించాలి?
3. రవి తల్లిదండ్రులు మేనమామ, మేనకోడలు అయితే అతని ఫలితాలు ఎలా మారుతాయో చర్చించండి.
4. మీ కుటుంబంలో మూడు తరాల వంశవృక్షం గీసి, మేనరికం జరిగిన చోట్లను గుర్తించండి.