స్వామి జ్ఞానానంద – పరిశోధన జీవితం, ఉల్లేఖనల లెక్క

స్వామి జ్ఞానానంద (డిసెంబరు 5, 1896 - సెప్టెంబరు 21, 1969) ఆంధ్రదేశానికి చెందిన కేంద్రక భౌతిక శాస్త్రవేత్త, యోగి. ఈయన పూర్వాశ్రమ నామం భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. ఎక్స్-కిరణాల వర్ణపటాలు, బీటా కిరణాల వర్ణపటాలు, అధిక శూన్య సాంకేతికత అనే మూడు రంగాలలో కృషి చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతిక శాస్త్ర శాఖకు తొలి అధిపతి. శాస్త్రవేత్తల ఘనతను వారి పత్రాలకు వచ్చిన ఉల్లేఖనల సంఖ్యతో కొలిచే పద్ధతి ఈయన మరణానంతరం బాగా వ్యాపించింది. ఈయన కృషిలో ఆ లెక్కకు అందేది కొంత భాగం మాత్రమే. అందుకు గల కారణాలు కూడా ఈ వ్యాసంలో వివరించబడినవి.

బాల్యం, సన్యాసం

జ్ఞానానంద పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం సమీపంలోని గొరగనమూడి గ్రామంలో క్షత్రియ కుటుంబంలో జన్మించారు. నరసాపురంలోని టేలర్ ఉన్నత పాఠశాలలో చదువుకున్నారు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయ ప్రాంతాలలోను, ఇతర పుణ్యక్షేత్రాలలోను సంచరిస్తూ చాలా సంవత్సరాలు యోగసాధనలో గడిపారు. 1920ల చివరలో జర్మనీ వెళ్ళి, యోగం గురించి, భారతీయ తత్త్వం గురించి ఉపన్యసించారు. అక్కడ ఉండగా ఆధునిక భౌతిక శాస్త్రం ఈయనను ఆకర్షించింది. ముప్పై యేళ్ళు దాటిన తరువాత మళ్ళీ విద్యార్థిగా మారి గణిత, భౌతిక శాస్త్రాలను క్రమబద్ధంగా అభ్యసించారు.

ప్రేగ్: ఎక్స్-కిరణాలు

ప్రేగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఆచార్య వాక్లావ్ డోలెజ్షెక్ వద్ద ఈయన పరిశోధన ప్రారంభమయింది. డోలెజ్షెక్ స్వీడన్‌లో మాన్నె సీగ్బాన్ ప్రయోగశాలలో పనిచేసి, 1922లో ఎక్స్-కిరణాలలో ఎన్-శ్రేణిని కనుగొన్న వ్యక్తి. నాజీల చెరలో 1945లో టెరెజిన్‌లో మరణించాడు.

పరమాణువులోని ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ కె, ఎల్, ఎమ్, ఎన్ మొదలైన కక్ష్యలలో ఉంటాయి. లోపలి కక్ష్యలో ఖాళీ ఏర్పడినప్పుడు బయటి కక్ష్యలోని ఎలక్ట్రాను అక్కడికి చేరి, ఆ శక్తి తేడాను ఎక్స్-కిరణ రూపంలో విడుదల చేస్తుంది. ఆ కిరణపు తరంగదైర్ఘ్యాన్ని కచ్చితంగా కొలిస్తే కక్ష్యల శక్తి విలువలు తెలుస్తాయి. తక్కువ శక్తి గల ఎక్స్-కిరణాలను గాలి శోషించుకుంటుంది. కనుక వర్ణపటమాపకంలోని గాలిని ముందుగా తొలగించాలి. జ్ఞానానంద కృషిలో చివరివరకు కనిపించే శూన్యస్థితి సమస్యకు మొదలు ఇక్కడే ఉన్నది.

లివర్‌పూల్: బీటా కిరణాలు

1932లో న్యూట్రానును కనుగొన్న జేమ్స్ చాడ్విక్, 1935లో కేంబ్రిడ్జి నుండి లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. అదే సంవత్సరం ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆయన శాఖలో జ్ఞానానంద బీటా కిరణాల వర్ణపటాలపై పరిశోధించి డాక్టరేటు పొందారు.

బీటా కిరణాలంటే కేంద్రకం నుండి వెలువడే ఎలక్ట్రాన్లు. అయస్కాంత క్షేత్రంలో ఇవి వృత్తాకారంలో వంగుతాయి. వేగం ఎక్కువైన కొద్దీ వృత్తం పెద్దదవుతుంది. వృత్త వ్యాసార్థం, అయస్కాంత క్షేత్ర బలం తెలిస్తే ఎలక్ట్రాను ద్రవ్యవేగాన్ని, దాని నుండి శక్తిని లెక్కకట్టవచ్చు.

ప్రేగ్‌లో చేసిన పనికి, లివర్‌పూల్‌లో చేసిన పనికి గల సంబంధాన్ని ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. సీసియం-137 క్షయం చెందినప్పుడు ఏర్పడే బేరియం కేంద్రకం 661.66 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిని గామా కిరణంగా విడుదల చేస్తుంది. కొన్నిసార్లు గామా కిరణం వెలువడదు. కేంద్రకం ఆ శక్తిని తన పరమాణువులోని కె-కక్ష్య ఎలక్ట్రానుకే అందించి దానిని బయటకు నెడుతుంది. దీనిని అంతర పరివర్తన అంటారు. ఆ ఎలక్ట్రానును కక్ష్య నుండి విడిపించడానికి 37.44 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు ఖర్చవుతాయి. మిగిలిన 624.22తో అది బయటపడుతుంది. ఈ మూడు సంఖ్యలలో 37.44 ఎక్స్-కిరణ శాస్త్రానికి, 624.22 బీటా వర్ణపటమాపకానికి సంబంధించినవి. ఆ రెండింటినీ కలిపితే కేంద్రకపు శక్తిస్థాయి తెలుస్తుంది. రెండు విద్యలనూ స్వయంగా అభ్యసించిన పరిశోధకునికి ఇది అనుకూలమైన రంగం.

'హై వాక్యువా' గ్రంథం

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జ్ఞానానంద అమెరికా వెళ్ళి, ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన కొనసాగించారు. ఈయన రచించిన 'హై వాక్యువా' అనే ఆంగ్ల గ్రంథాన్ని 1947లో వాన్ నోస్ట్రాండ్ సంస్థ ప్రచురించింది. శూన్యస్థితికి సంబంధించిన సూత్రాలు, దానిని కల్పించే విధానాలు, కొలిచే పద్ధతులు ఇందులోని విషయాలు.

సాధారణ వాయుపీడనం వద్ద గాలిలోని ఒక అణువు మరొక అణువును ఢీకొనకుండా ప్రయాణించే సగటు దూరం మిల్లీమీటరులో పదివేలవ వంతు కన్నా తక్కువ. పీడనాన్ని ఒక టార్‌లో లక్షవ వంతుకు తగ్గిస్తే ఆ దూరం సుమారు 5 మీటర్లకు పెరుగుతుంది. అంతటి శూన్యంలోనే వర్ణపటమాపకంలోని ఎలక్ట్రాన్లు దారి తప్పకుండా శోధకాన్ని చేరగలవు. ఇందుకోసం మొదట యాంత్రిక పంపుతోను, తరువాత ఆవిరి ప్రవాహంతో పనిచేసే విసరణ పంపుతోను గాలిని తోడతారు. పీడనాన్ని కొలవడానికి 1874 నాటి మెక్‌లియాడ్ గేజి, 1906 నాటి పిరానీ గేజి వంటి సాధనాలున్నాయి.

వాల్తేరు

1947లో స్వదేశానికి తిరిగివచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. 1954లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. 1956లో కేంద్రక భౌతిక శాస్త్రం ప్రత్యేక శాఖగా ఏర్పడినప్పుడు దానికి అధిపతి అయ్యారు. 1965 వరకు ఆ బాధ్యత నిర్వహించారు. అప్పటికి ఈయన వయస్సు అరవై యేళ్ళకు అటూ ఇటూ. చాలామంది విశ్రాంతి తీసుకునే వయస్సులో ఈయన కొత్త ప్రయోగశాలకు పునాది వేశారు.

బీటా, గామా వర్ణపటాల అధ్యయనం, గామా కిరణాలు వివిధ పదార్థాల గుండా ప్రయాణించేటప్పుడు జరిగే చర్యల కొలత ఇక్కడి ప్రధాన పరిశోధనలయ్యాయి. వీటికి పెద్ద త్వరణ యంత్రాలు అవసరం లేదు. రేడియోధార్మిక మూలకాలు, మంచి శోధకాలు, ఓపిక ఉంటే చాలు. పరిమిత వనరులు గల విశ్వవిద్యాలయానికి తగిన రంగం అది.

ఉల్లేఖనల లెక్క

ఒక పరిశోధన పత్రాన్ని తరువాతి పత్రాలు ఎన్నిసార్లు ప్రస్తావించాయో లెక్కించడమే ఉల్లేఖనల లెక్క. దీనినే సైటేషన్ల సంఖ్య అంటున్నారు. యూజీన్ గార్ఫీల్డ్ నెలకొల్పిన ఫిలడెల్ఫియా సంస్థ 1964లో వెలువరించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ దీనికి ఆధారమయింది. 2005లో జార్జ్ హిర్ష్ హెచ్-సూచిక ప్రతిపాదించాడు. ఒక్కొక్కటి కనీసం 10 ఉల్లేఖనలు పొందిన పత్రాలు పది ఉండి, 11 పొందినవి పదకొండు లేకపోతే ఆ శాస్త్రవేత్త సూచిక 10. నేడు ఉద్యోగాలు, పదోన్నతులు, నిధుల విషయంలో ఈ సంఖ్యలను చూడటం పరిపాటి. జ్ఞానానంద వంటి వారి విషయంలో ఈ పద్ధతికి నాలుగు పరిమితులు ఉన్నాయి.

* కాలం: సైన్స్ సైటేషన్ ఇండెక్స్ 1961 నాటి సాహిత్యంతో మొదలయింది. అంతకు ముందరి సంవత్సరాలను తరువాత చేర్చారు. జ్ఞానానంద ప్రేగ్, లివర్‌పూల్, ఆన్ ఆర్బర్ నగరాలలో చేసిన పని అంతా 1961కి ముందరిదే.

* పేరు: సూచికలు ఇంటిపేరు, పొడి అక్షరాల ప్రకారం అమరుతాయి. సన్యాసికి ఇంటిపేరు ఉండదు. 'స్వామి' అనేది బిరుదమో, పేరో యంత్రానికి తెలియదు. 'జ్ఞ' అక్షరాన్ని ఆంగ్లంలో కొందరు జె, ఎన్ అనీ, కొందరు జి, ఎన్ అనీ వ్రాస్తారు. ఇలా ఒకే వ్యక్తి కృషి పలు పేర్ల క్రింద చీలిపోయే అవకాశం ఉన్నది.

* గ్రంథం: ఈ సూచికలు ప్రధానంగా పత్రికల కోసం ఏర్పడినవి. పైగా ఒక గ్రంథానికి వేయి ఉల్లేఖనలు వచ్చినా, హెచ్-సూచికలో దాని వాటా ఒకటి మాత్రమే. ఒక గ్రంథాన్ని చదివి పంపును సరిగా అమర్చుకున్న పరిశోధకుడు తన పత్రంలో దానిని పేర్కొనకపోవచ్చు.

* పట్టికలలో విలీనం: కేంద్రక భౌతిక శాస్త్రంలో ఒక శక్తిస్థాయిని పలు ప్రయోగశాలలు కొలుస్తాయి. నిపుణులు ఆ కొలతలన్నిటినీ తూచి ఒక సిఫారసు విలువను పట్టికలో చేరుస్తారు. 1966లో మొదలైన న్యూక్లియర్ డేటా షీట్స్, గామా కిరణాల శోషణపై జె.హెచ్. హబెల్ 1969లో వెలువరించిన సంకలనం ఇటువంటివి. తరువాతివారు పట్టికను పేర్కొంటారు. మూల కొలత చేసినవారి పేరు అక్కడితో ఆగిపోతుంది. అంటే కొలత ఎంత నమ్మదగినదైతే అంత తొందరగా అది పేరులేని సంఖ్యగా మారుతుంది.

వీటిని బట్టి ఉల్లేఖనలు నిరుపయోగమని భావించనవసరం లేదు. ఏ పత్రం నుండి ఏ ఆలోచన ఎటు ప్రవహించిందో కనుగొనడానికి అవి చక్కని సాధనం. ఒకే కాలంలో, ఒకే రంగంలో పనిచేసినవారిని పోల్చడానికి కొంతవరకు ఉపకరిస్తాయి. వేరువేరు కాలాలవారిని, ముఖ్యంగా సంస్థల నిర్మాతలను వాటితో తూచరాదు. శాఖను ఏర్పరచడం, శూన్య పంపు బిగించడం నేర్పడం, విద్యార్థి చేసిన కొలతలో దోషాన్ని పట్టుకోవడం వంటి పనులకు ఏ సూచికలోనూ గడి లేదు. తక్కువ సంఖ్యను చూసి ఒక శాస్త్రవేత్తను చిన్నవానిగా నిర్ణయించేముందు, ఆ సంఖ్య దేనిని లెక్కించలేదో పరిశీలించాలి.

స్మృతి

జ్ఞానానంద 1969 సెప్టెంబరు 21న మరణించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని కేంద్రక పరిశోధనశాలలకు 'స్వామి జ్ఞానానంద లేబరేటరీస్ ఫర్ న్యూక్లియర్ రీసెర్చ్' అని ఈయన పేరు పెట్టారు.